కుడి కాగితం, ఎడమ కాగితం

ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, వస్తే ఎవరికి, ఏ వయసులో అని ఉంది. ‘అమ్మకి, యాభై ఒకటి’ అని రాశాను. అమ్మ మంచాన పడింది యాభై ఒకటిలో. పోయింది యాభై రెండులో. బట్టలు కుట్టేదాన్ని కాబట్టి ఏ అంకె వేసినా ముందు రెండుసార్లు కొలవడం నాకు అలవాటు. ఆ ఒక్క అంకె మాత్రం కొలవకుండా వేశాను.

మొదటిసారి ఫోటోలు తీసిన వారానికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, ఇంకోసారి రమ్మని. రెండోసారి ఎడమవైపు మాత్రమే తీశారు. చల్లటి పలకల మధ్య ఒత్తిపెట్టి ఊపిరి బిగపట్టమన్నారు, వదలమన్నారు, మళ్ళీ బిగపట్టమన్నారు. తర్వాత వేరే గదిలో జిగురు రాసి స్కానింగ్. అన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. చిన్న వయసే. మా అమ్మాయి కంటే పదేళ్ళు పెద్దదేమో.

తెర మీద నా ఒళ్ళు నాకే తెలియలేదు. అంతా తెలుపు. ఆమె వేలుపెట్టి చూపించిన చోట ఇంకొంచెం తెలుపు. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో వేసిన కుట్టులాగా ఉంది. అలాంటి కుట్టు విప్పాలంటే గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని వెతుక్కుంటాం. దీన్ని ఏ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాలో నాకు తోచలేదు.

“ఇది చెడ్డదని చెప్పలేను, కాదనీ చెప్పలేను” అంది డాక్టరమ్మ. “లోపల కండ దట్టంగా ఉంది. అందుకే స్పష్టంగా కనపడట్లేదు. ఇలాంటివి చాలావరకు ఏమీ కావు.”

“మరిప్పుడు ఏం చెయ్యాలమ్మా?”

“మీ అమ్మగారికి యాభై దాటాక వచ్చిందని రాశారు. ఇంకెవరికీ లేదన్నారు. కాబట్టి ఆరు నెలలు ఆగి మళ్ళీ ఫోటో తీద్దాం. అదే ఆవిడకి చిన్నవయసులో వచ్చుంటే నేను ఆగేదాన్ని కాదు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపేదాన్ని. వయసు సరిగ్గానే రాశారు కదా?”

“సరిగ్గానే రాశానండి. మా అమ్మకీ ఎడమవైపేనండి.”

“ఏ వైపన్నదాంతో పని లేదమ్మా. వయసుతోనే పని.”

బయట బెంచీ మీద మా ఆయన నీళ్ళసీసా పట్టుకుని కూర్చున్నారు. ఆరు నెలల తర్వాత రమ్మన్నారని చెప్పాను. ఆయన ముఖం విచ్చుకుంది.

“చూశావా, నువ్వు జనానికి చెప్పే మాటే. గుండీల కాజాలు మిగిలాయండీ, వచ్చేవారం రండీ అని. ఇన్నాళ్ళకి నీకే తగిలింది.”

నవ్వాను. ఆయన పని బస్సు డిపోలో. ఏ బండి ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అని రాసుకునే ఉద్యోగం. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మడం ఆయన స్వభావం. నాకూ నమ్మాలనే ఉంది.

మా ఇంటి ముందుగదే నా షాపు. కత్తిరించే బల్ల, రెండు మిషన్లు, మూలన పరదా, పరదా వెనక నిలువుటద్దం. కిటికీ పక్కన ఉన్న మిషను అమ్మది. పాదం నొక్కే చోట అమ్మ మడమ అరగదీసిన గుంట ఇప్పటికీ ఉంది. నా మడమ అందులో సరిగ్గా కూర్చుంటుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఒకావిడ కొత్త గౌను వేసుకుని చూసుకుంటుంటే, భుజం దగ్గర ఎత్తు సరిచెయ్యడానికి ఆమె వెనక నిలబడ్డాను. అద్దంలో నా కుడిచెయ్యి కనిపించింది. ఎడమ చంక కిందకి పోయి, మూడువేళ్ళతో మెల్లగా నొక్కుతూ ఉంది. నేను పెట్టిన చెయ్యి కాదది. ఎప్పుడు అక్కడికి పోయిందో తెలియదు. అద్దంలో ఆ చెయ్యి, ఆ ఒంగిన భుజం చూస్తే అమ్మ నిలబడినట్టే ఉంది.

అమ్మ అలాగే చేసేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, చెయ్యి అక్కడికి పోనిచ్చి ఎటో చూస్తుండేది. ఎందుకమ్మా చెయ్యి అక్కడ పెడతావని అడిగితే, “సూది ఎక్కడో జారిందే, వెతుక్కుంటున్నా” అనేది. నేను మిషను కింద పాకి, గుడ్డపీలికలు ఎత్తి వెతికేదాన్ని. ఆ సూది ఎప్పుడూ దొరకలేదు.

ఆవిడ గౌను విప్పి ఇచ్చి వెళ్ళాక బల్ల దగ్గర కూర్చుండిపోయాను. మిషను కింద పాకే వయసంటే నాకు పదేళ్ళుంటాయి. అప్పటికి అమ్మకి ముప్ఫై ఏడు. జబ్బు యాభై ఒకటిలో వచ్చిందైతే, ముప్ఫై ఏడులో అమ్మ వెతుక్కున్నదేమిటి?

పిన్నికి ఫోన్ చేశాను. అమ్మకి ఒక్కతే చెల్లెలు. డెబ్బై ఒకటి. అమ్మ చివరి ఏడాది స్నానం, బట్టలు మార్చడం అన్నీ పిన్నే చూసుకుంది. అప్పుడు నా చేతిలో ఆరునెలల పిల్ల. “పసిదాని తల్లివి, ఈ గదిలోకి రాకు” అని నన్ను గుమ్మంలోనే ఆపేసేది.

“పిన్నీ, అమ్మకి ఆ జబ్బు మొదట ఎప్పుడొచ్చింది?”

“ఎప్పుడొస్తే ఏంటే ఇప్పుడు. పోయినావిడ లేచొస్తుందా? పొయ్యి మీద పాలున్నాయి” అని పెట్టేసింది. నేను ఫోన్ చేస్తే గంటకి గాని వదలని మనిషి.

సాయంత్రం దేవుడి ముందు కూర్చున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. మొక్కడం మాత్రం అమ్మ దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నాను. నా నాలుగో తరగతి సెలవుల్లో పిన్నికి కడుపులో ఆపరేషనని చెప్పి, నన్ను పక్కింటివాళ్ళకి అప్పగించి, అమ్మ రెండు నెలలు వాళ్ళింట్లో ఉండిపోయింది. వెళ్ళేముందు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, “రోజూ పొద్దున్నే పిన్నికి నయం కావాలని దణ్ణం పెట్టుకో. ఒక్కరోజు కూడా మానకు” అంది. మానలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా మంచం మీద నుంచే పెట్టాను. ఆ సంగతి గుర్తొచ్చి, ఈసారి నాకోసం ఏం అడగాలో తెలియక, ఉన్నదేదో కనపడేలా చెయ్యి స్వామీ అని మాత్రం అడిగాను. మంచిదే కావాలని అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

పొద్దున్నే అటక ఎక్కి అమ్మ రేకుపెట్టె దింపాను. పాత మందుచీటీలేమైనా ఉంటాయేమోనని. ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కటింగు కాగితాలు. ఎవరెవరివో కట్టలు కట్టలు. అన్నిటికన్నా అడుగున, గుడ్డ అంచుతో ముడివేసిన ఒక సన్నటి కట్ట. పైన ‘నావి’ అని అమ్మ చేతిరాత.

అమ్మ ఎక్కువగా బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పిల్లల కొలతలు తరగతి మారితే మారతాయి కాబట్టి ప్రతి కాగితం మీదా తరగతి వేసేది. ఆ అలవాటు చొప్పున పెద్దవాళ్ళ కాగితాల మీద కూడా తేదీకి బదులు నా తరగతి వేసేది. ‘పాప ఒకటి’, ‘పాప రెండు’ అని. ఆ కాగితాలను బల్ల మీద వరసగా పరిచాను.

మా పనిలో జాకెట్టు ముందుభాగం ఒకవైపే కాగితం మీద గీస్తాం. గుడ్డని రెండు మడతలు వేసి, ఆ ఒక్క కాగితమూ పెట్టి కత్తిరిస్తే కుడీ ఎడమా ఒకేసారి వస్తాయి. దేవుడు మనిషిని రెండువైపులా ఒకేలా చేశాడన్న నమ్మకం మీదే మా పనంతా నడుస్తుంది. పాప ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నిటికీ ముందుభాగానికి ఒక్కొక్క కాగితమే ఉంది.

‘పాప ఐదు’కి రెండున్నాయి. ఒకదాని మీద ‘కుడి’, ఇంకోదాని మీద ‘ఎడమ’.

కుడి కాగితం మామూలే. ఎడమ దాంట్లో టక్కు లేదు. రొమ్ము కోసం వదిలే వంపు లేదు. గోడకి అంటించడానికి కత్తిరించినట్టు చదునుగా ఉంది. కింద చిన్న అక్షరాలతో ‘లోపల సంచి, దూది’ అని రాసుంది.

ఇరవై ఏడేళ్ళుగా వేరే వాళ్ళ ఒళ్ళు కాగితం మీద చదువుతున్నదాన్ని. దాన్ని చదవడానికి నాకు డాక్టరు అక్కర్లేదు. కుర్చీ వెనక్కి జరిపి, కిటికీ తలుపు మూసి, మళ్ళీ తెరిచాను. ఎందుకు మూశానో తెలియదు, ఎవరో చూస్తున్నట్టు అనిపించింది.

ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ జంటలే. తొమ్మిది దగ్గర ఎడమ కాగితం తక్కినవాటిలా లేదు. దాన్నిండా నలిగిన గీతలు. ఎవరో ఉండచుట్టి పారేసిన కాగితాన్ని ఇంకెవరో తీసి, ఇస్త్రీ చేసి దాచారు. ఒక మూల ఇస్త్రీపెట్టె వేడికి గోధుమరంగు మచ్చ పడింది.

నలిపింది నేను.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. కటింగు కొత్తగా చేతికొచ్చింది. అమ్మ ఊళ్ళో లేనప్పుడు ఆమెకి జాకెట్టు కుట్టి ఆశ్చర్యపరుద్దామని కాగితాలు తీశాను. రెండూ ఒకలా లేవు. అమ్మ పని ఒత్తిడిలో తప్పు గీసిందనుకున్నాను. అమ్మ కూడా తప్పు చేస్తుందని తెలిసి లోలోపల మురిసిపోయాను కూడా. ఎడమది నలిపి పీలికల బుట్టలో పడేసి, గుడ్డని మడతేసి, కుడి కాగితంతోనే రెండువైపులా కత్తిరించాను. అమ్మ వచ్చాక జాకెట్టు చేతికిచ్చాను. కుట్లు తిప్పి చూసింది. భుజాలు చూసింది. “బాగా కుట్టావే” అంది. కాగితం తప్పు గీశావమ్మా, నేను సరిచేశాను అన్నాను. “అవునా, మంచిపని చేశావు” అంది. ఆ జాకెట్టు వేసుకుంది. మీద ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకుంది.

అటక మీంచి దింపిన ఆ కట్ట పట్టుకుని ఆ పొద్దున్నే బస్సెక్కాను. పిన్ని ఇల్లు నాలుగు స్టాపుల అవతల. తలుపు తీసి, నా చేతిలో కట్ట చూసి, వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుంది.

“తగలబెట్టమన్నాను వాటిని. వింటేగా మొండిది. కాగితం ముక్క పారెయ్యాలంటే ప్రాణం పోయేది దానికి.”

“ఎన్నేళ్ళప్పుడు పిన్నీ?”

పిన్ని ఎడమ కాగితం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది.

“ముప్ఫై ఆరు. నీ నాలుగో తరగతి పరీక్షలైన నాలుగో రోజు. ఎడమవైపు మొత్తం తీసేశారు.”

“మరి నీ కడుపు ఆపరేషను?”

“నాకేం ఆపరేషనే. నా పొట్ట మీద గీత పడితే ఒట్టు. అప్పటికీ ఇప్పటికీ డోలులా ఉన్నాను.”

“ఎందుకలా చెప్పారు?”

“మీ అమ్మవి కొలతలు తీసే చేతులు. ఆ రోజుల్లో ఆ జబ్బు అంటుకుంటుందనేవాళ్ళు. తెలిస్తే ఒంటిమీద టేపు పెట్టనిస్తారా ఎవరైనా? మీ నాన్నా లేడు, షాపు మూతపడితే నువ్వేం తింటావు? అందుకని జబ్బు నాకని చెప్పాం. వీధి వీధంతా నన్ను చూడ్డానికొచ్చింది. నేను దుప్పటి కప్పుకుని మూలగాలి. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి లేచి వాళ్ళకి టీ పెట్టాలి. ఒక్క చేత్తో ట్రే పట్టుకొచ్చేది. ఒకావిడ అంది కూడా, అక్కంటే ఇలా ఉండాలి, చెల్లెలికి ఎంత సేవ చేస్తోందో అని.” పిన్నికి నవ్వొచ్చింది. “నేను దుప్పట్లో నవ్వాపుకోలేక వణుకుతుంటే, పాపం చలిజ్వరం కూడానా అంది.”

ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. చీరచెంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఈ నలిగింది నేను పారేసింది” అన్నాను.

“తెలుసు. నువ్వు కుట్టింది వేసుకుని ఇక్కడికే వచ్చింది. ‘చూడవే, పాప కుట్టింది, రెండువైపులా ఒకేలా’ అంది.”

“ఏడ్చిందా?”

“లేదు. ఎడమవైపు ఇంకో గుప్పెడు దూది పెట్టించుకుంది నాచేత. నీ కుట్టుకి సరిపోవాలిగా.”

 నాకెందుకు చెప్పలేదని అడిగాను. “చెబితే నువ్వూ దానిలాగే రోజంతా వెతుక్కుంటూ బతుకుతావని” అంది పిన్ని. అప్పుడు నా చెయ్యి ఎక్కడుందో చూసి, ఏమీ అనకుండా దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టింది.

“పిన్నీ, ఆ రెండు నెలలూ నేను నీ పేరు చెప్పి మొక్కాను.”

“అందుకేనేమో నాకు చావు రావట్లేదు” అంది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. “పిచ్చిదానా. డాక్టర్లు దానికి రెండేళ్ళన్నారు. పదహారేళ్ళు బతికింది. అదెవరి మొక్కే మరి?”

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలో నుంచి ఏం చూశానో గుర్తులేదు. పిన్ని మాట నిజమే కావచ్చు. నేను దేవుణ్ణి తప్పుపట్టే మనిషిని కాను. ఒక్కటే అడగాలనిపించింది. తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ పొద్దున్నే ఒక పేరు చెప్పి అడిగితే, నువ్వు ఆ మొక్కు ఫలం ఆ పేరున్న గుమ్మంలో పెట్టావా, కావలసిన గుమ్మం వెతికి పెట్టావా? జవాబు రాలేదు. పదిహేను రోజుల క్రితమైతే రాలేదని బాధపడేదాన్ని. ఇప్పుడు మాత్రం, ప్రశ్న సరిగ్గా అడగడం నాకే ఇన్నేళ్ళకి కుదిరింది కదా అనుకున్నాను.

డాక్టరమ్మ బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మా అమ్మకి ముప్ఫై ఆరేళ్ళప్పుడే ఎడమవైపు తీసేశారండి, రిపోర్టులు లేవు, ఇవే ఉన్నాయి అన్నాను. ఆమె ఎడమ కాగితం వైపు చూసి, నా వైపు చూసింది. ఫారం తీసి యాభై ఒకటి కొట్టేసి ముప్ఫై ఆరు రాసింది.

“ఆరు నెలలు వద్దు. గురువారం రండి.”

సూది గుచ్చేటప్పుడు అదో చిన్న చప్పుడు చేసింది, కాజా మిషను గుడ్డని కోసినట్టు. తర్వాత పదిరోజులు ఆగమన్నారు. ఆ పదిరోజులు మా ఆయన డిపో నుంచి తొందరగా వచ్చి, ఏమీ తోచక నాకు గుండీలు ఏరిపెట్టారు. నల్లవాటిలో ముదురునీలం కలిపేశారు. నేను విడదియ్యలేదు. ఫారంలో అంకె మార్చిన సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన చేతిలోని గుండీలు బల్ల మీద పెట్టేశారు. “రాసుకున్నదే తప్పైతే బండి టైముకొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది” అన్నారు, నాతో కాదు.

పదకొండో రోజు డాక్టరమ్మ తలుపు వేసి కూర్చుంది.

“క్యాన్సర్ లేదు. కానీ కొన్ని కణాలు మామూలుగా కూడా లేవు. ఆ చోటు చిన్న ఆపరేషన్‌తో తీసేసి, ఏడాదికి రెండుసార్లు చూసుకుంటూ ఉండాలి. ఎప్పటికీ.”

“అంటే వస్తుందా, రాదా?”

“రాదని చెప్పలేను. వస్తే మాత్రం మనకి కనపడకుండా రాదు.” రిపోర్టు మూసి, “మీకు అమ్మాయి ఉందా?” అంది.

“ఉందండి. ఇరవై రెండు.”

“తనకివన్నీ తెలుసా?”

“తెలియదండి.”

“తెలియాలి” అంది.

ఆ రోజు మధ్యాహ్నం బల్ల మీద ఒకరి గుడ్డ పరిచి, రెండు మడతలు వేసి, కాగితం పెట్టాను. కత్తెర పట్టుకున్న చెయ్యి కదల్లేదు. ఇది రెండువైపులా ఒకటేనని నాకెలా తెలుసు? ఆవిణ్ణి నేను ఒకవైపే కొలిచాను. అందరినీ ఒకవైపే కొలిచాను. కిటికీ పక్కన అమ్మ మిషను పాదం గాలికి కొంచెం కదిలినట్టనిపించింది. కదల్లేదేమో కూడా.

మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి సంచి కుర్చీలో పడేసింది. నీళ్ళు తాగుతూ గ్లాసు అంచు మీదుగా నన్నే చూసింది.

“ఏంటమ్మా, ఈమధ్య ఎప్పుడు చూసినా చెయ్యి అక్కడ పెడుతున్నావు?”

సూది జారిందే, వెతుక్కుంటున్నా. ఆ మాట నా నాలుక మీద తయారుగా ఉంది. అమ్మ గొంతుతో, అమ్మ వాటంతో. అంటే చాలు, పిల్ల నవ్వేసి లోపలికి పోతుంది. లేకపోతే మిషను కింద వంగి వెతుకుతుంది.

పిల్ల నిజంగానే వంగబోయింది. “ఏం పడేసుకున్నావు?” అంటూ.

“ఏమీ పడలేదు, లే” అన్నాను. మడతేసిన గుడ్డ విప్పి పక్కన పెట్టాను. “వీధి తలుపు వేసిరా. ఆ సొరుగులో రెండు కాగితాలున్నాయి, అవీ తీసుకురా.”

“ఎవరివి?”

“మీ అమ్మమ్మవి. ఇలా వచ్చి కూర్చో.”